పత్రిక ఎవరిదో చెప్పే చిన్న అక్షరాలు

ఒడిశాలోని బరంపురంలో జర్నలిజం చదువుతున్న నాకు ఈ సెమిస్టరులో మూడు పనులు అప్పగించారు. ఒక దినపత్రిక యాజమాన్యాన్ని పరిశీలించి వ్యాసం రాయాలి, పదహారు పేజీల మాసపత్రికను సొంతంగా రూపొందించాలి, ఒక సినిమాను విశ్లేషించాలి. మూడింటికీ మార్కులు వేరు, గడువులు వేరు. సెలవులకు, ఒడిశాలోనే ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ఊరు పర్లాకిమిడి వచ్చి, మా తాతగారు దాచిన పాత పత్రికల కట్ట విప్పిన రోజున, ఈ మూడు పనులనూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టవచ్చునని నాకు అనిపించింది. ఇది ఎవరిది అన్నదే ఆ ప్రశ్న.

ఆ కట్టలో మార్చి మొదటి రోజుల సంచికలు కొన్ని ఉన్నాయి. పత్రికల రిజిస్ట్రేషనుకు సంబంధించిన 1956 నాటి నిబంధనల ప్రకారం, ఏటా ఫిబ్రవరి ఆఖరి రోజు తరువాత వెలువడే మొదటి సంచికలో ప్రతి పత్రికా తన యాజమాన్య వివరాలను నాలుగో ఫారం రూపంలో ప్రచురించవలసి ఉండేది. ప్రచురణ స్థలం, ఎన్నాళ్లకు ఒకసారి వెలువడుతుంది, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరు, చివరగా యజమానులు ఎవరు, మొత్తం మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఎవరెవరికి ఉంది అన్నవన్నీ అందులో ఉంటాయి. టెండరు ప్రకటనల పక్కన అతి చిన్న అక్షరాలతో వేసే ఈ ప్రకటనను ఇన్నేళ్లూ మా ఇంట్లో ఎవరమూ చదవలేదు. అయితే అందులో వాటాదారుగా మరొక కంపెనీ పేరు కనిపిస్తే, ఆ కంపెనీ వెనుక ఎవరున్నారో ఆ ఫారం చెప్పదు. అప్పుడు కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలైన పత్రాలను వెతకాలి. ఆ నిబంధనలకు మూలమైన 1867 నాటి పాత చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. నా వ్యాసం మాత్రం ఆ పాత సంచికలకే పరిమితం.

యాజమాన్యం అంటే వాటాల పట్టిక మాత్రమే కాదని నాకు నేర్పింది మా ఊరే. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకొక చిన్న టాబ్లాయిడ్ అనుబంధాన్ని ప్రవేశపెట్టింది. పెద్ద పత్రికలో ప్రకటన ఇచ్చే స్తోమత లేని ఊళ్లోని బట్టల కొట్టు యజమాని, ట్యూషన్ సెంటరు నడిపే మాష్టారు తమ జిల్లా వరకు తక్కువ ఖర్చుతో ప్రకటన ఇచ్చుకోగలిగారు, ఆ ప్రకటనల చుట్టూ ఆ జిల్లా వార్తలకూ చోటు దొరికింది. ఇది తెలుగు పాఠకులకు జరిగిన నిజమైన మేలు. కానీ ప్రకటనల మార్కెట్టు జిల్లా గీత వెంట నడిచినప్పుడు, సరిహద్దుకు ఆంధ్ర వైపున్న పాతపట్నంలో కుళాయి పాడైతే వార్త అవుతుంది, ఆటోలో వెళ్లేంత దగ్గరలో ఉన్న పర్లాకిమిడిలో కాలువ పొంగితే కాదు. మా పేటలో తెలుగు బోధించే చిన్న బడి మూతపడినప్పుడు, ఇంటికి వచ్చే తెలుగు పత్రికలో నేను రోజూ వెతికాను. ఒక్క వాక్యం కూడా రాలేదు. ఒడియా పత్రికలో నాలుగు లైన్లు వచ్చాయి, వాటిని మా నాయనమ్మకు నేనే చదివి తెలుగులో చెప్పాను. ఎవరూ కుట్ర చేసి మమ్మల్ని వదిలిపెట్టలేదు. మేము ఏ ఎడిషనుకూ చెందము, అంతే. వ్యాసంలో ఈ సంగతికి రెండు పేజీలు కేటాయించాను, అందుకు నాకు ఏ విచారమూ లేదు.

ఇదే ప్రాంతపు చరిత్రలో నన్ను ఆపేసిన సంవత్సరం 1919. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల భాషను నేర్చుకుని, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడాదే 'తెలుగు' అనే మాసపత్రికను ప్రారంభించారు. ఒడియాలో గోపబంధు దాస్ 'సమాజ'ను వారపత్రికగా ప్రారంభించినదీ 1919లోనే. పంతులుగారి పత్రిక ఒక్క ఏడాది మాత్రమే నడిచింది. 1928లో గోపబంధు మరణించేనాటికి 'సమాజ'ను లోకసేవక మండలికి అప్పగించడం వల్ల ఆ పత్రిక తరువాత దినపత్రికగా మారి నేటికీ వెలువడుతోంది. వాదనలో, విద్వత్తులో పంతులుగారి పత్రిక ఎవరికీ తీసిపోయేది కాదు. ఒక మనిషి పూనిక మీద నిలబడినదానికీ, ఒక సంస్థకు ఆస్తిగా చేరినదానికీ ఆయుష్షులో ఎంత తేడా ఉంటుందో ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1936లో పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరినప్పుడు పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

మాసపత్రిక రూపకల్పనకు నాకు నెల రోజులకు పైగా పట్టింది. తెలుగు, ఒడియా రెండూ ఉండాలని ముందే నిశ్చయించుకున్నాను, చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు చేరతాయి, మా జిల్లా గురించి రాసే ఏ వ్యాసంలోనైనా ఆ మాట అడుగడుగునా వస్తుంది. లైన్ల మధ్య ఖాళీ తగ్గిస్తే ఆ వత్తులు కింది లైను గుడులను తాకుతాయి. ఒడియా కాలమ్‌ను 10 పాయింట్ల (పాయింటు అంటే అచ్చులో అక్షరాల సైజుకు కొలత) అక్షరానికి 14 పాయింట్ల లైనుతో అమరిస్తే చక్కగా ఉంది, తెలుగుకు 11 పాయింట్ల అక్షరానికి 17 పాయింట్ల లైను కావలసి వచ్చింది. పక్కపక్క కాలమ్‌లలో లైన్లు ఒకదానికొకటి అందక, పేజీ కుంటుతున్నట్టు కనిపించింది. చివరికి రెండింటినీ 17 పాయింట్ల లైనుకే కట్టి, ఒడియా అక్షరాన్ని కొంచెం పెంచాను. ఒడియా కాలమ్‌ కాస్త వదులుగా కనిపించినా, రెండు భాషలూ ఒకే నేల మీద నిలబడ్డాయి. శీర్షికలకు వార్తాపత్రికల కోసం తయారైన 'గిడుగు' యూనికోడ్ ఫాంటు వాడాను. ఆయన పేరు పెట్టుకున్న అక్షరాలు ఆయన పాఠాలు చెప్పిన ఊరి పత్రిక మీద ఉండడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

అంతకంటే పెద్ద తగవు ముఖచిత్రం మీద వచ్చింది. పత్రిక పేరు పైన ఏ లిపిలో, కింద ఏ లిపిలో ఉండాలి? పైనున్నదే ఇంటి యజమాని అనిపిస్తుంది. ఒక వైపు నుంచి తెలుగు, తిప్పి పట్టుకుంటే ఒడియా వచ్చే పద్ధతిని ఒక స్నేహితుడు సూచించాడు. అలా చేస్తే ప్రతి పాఠకుడూ సగం పత్రికే చదివి పక్కన పెడతాడని నేను ఒప్పుకోలేదు. నాకు దారి చూపింది చందమామ. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక ఒడియాలో జహ్నమాముగా వచ్చేది. మా అమ్మ చిన్నతనంలో ఇంటికి తెలుగు ప్రతి వచ్చేదట, పక్కింటి ఒడియా పిల్లలకు జహ్నమాము వచ్చేదట, రెండింటిలోనూ అవే బొమ్మలు ఉండేవట. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాన్ని ఇరుగు పొరుగు పిల్లలు ఒకే అరుగు మీద కూర్చుని చూసేవారు. అందుకే నా పత్రికలో ముఖచిత్రం పేజీ అంతటా పరచుకుంటుంది, పేర్లు రెండూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంటాయి, ఏది ఎడమన అన్నది నెల నెలా మారుతుంది.

సినిమా విశ్లేషణకు 1939 నాటి రైతుబిడ్డను ఎంచుకున్నాను. షాట్లకు పట్టిక గీసుకోమన్నారు. ఒక్కో షాటు ఎన్ని సెకన్లు ఉంది, కెమెరా ఏ ఎత్తులో ఉంది, ఫ్రేములో ఎవరు ఎంత చోటు ఆక్రమించారు అన్నవి అందులో ఉండాలి. నేను మరొక గడి కలిపాను. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు. జమీందారీ ఊళ్లో పెరిగిన పెద్దల మధ్య మెలిగిన నాకు అది చిన్న విషయంగా తోచలేదు. ఈ పట్టిక కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఆ సినిమా యాజమాన్యం. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో, జమీందారీ వ్యవస్థకు ఎదురు నిలిచిన రైతుల పక్షాన తీసిన ఈ చిత్రాన్ని నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు. తోటి జమీందారులు ఆగ్రహించారు, కొన్ని చోట్ల ప్రదర్శనను నిషేధించారు కూడా. పర్లాకిమిడి రాజావారు ఒడిశా తొలి ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉండి అప్పటికి రెండేళ్లే. యజమాని మాటే పత్రిక మాట అవుతుందని నా మొదటి వ్యాసంలో ధీమాగా రాసిన వాక్యాన్ని ఈ సినిమా చదువు తరువాత కొట్టివేశాను. డబ్బు పెట్టినవాడి వర్గాన్ని చూసి కథ ఎటు మొగ్గుతుందో ముందే తేల్చేయకూడదు. ఆ డబ్బుతో పని చేసిన దర్శకుడికి, రచయితకు ఎంత స్వేచ్ఛ దక్కిందో విడిగా వెతకాలి.

పత్రికను ప్రింటు తీయడానికి పర్లాకిమిడిలో నేను వెళ్లిన డీటీపీ దుకాణంలో తెలుగు ఫాంట్లు లేవు. పాతపట్నం దుకాణంలో తెలుగు ఉంది గాని, "ఒడియా అక్షరాలు మా సిస్టంలో విరిగిపోతాయండి" అన్నారు. పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్తే పని జరిగింది. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల లైను నేనే టైపు చేశాను. ముద్రణ పాతపట్నం, ఆంధ్రప్రదేశ్. ప్రచురణ పర్లాకిమిడి, ఒడిశా. భాషలు తెలుగు, ఒడియా. యజమాని అన్న చోట నా పేరు రాసి, చదివే వీలుండాలని ఆ లైను అక్షరాలను 6 పాయింట్ల నుంచి 9కి పెంచాను.