కట్ చెప్పాక ఎవరి ముఖం చూడాలి?

ఆరేళ్లకు కెమెరా ముందుకొచ్చాను. పన్నెండేళ్లకు గొంతు మారింది, వేషాలు ఆగిపోయాయి. ఆలోగా నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే. నేల మీద అంటించిన టేపు మార్కు దగ్గర, కిందికి చూడకుండా సరిగ్గా ఆగడం. మార్కు దాటితే ఫోకస్ పోతుందని తెలుసు, ఎందుకు పోతుందో తెలియదు.

ఇరవై ఒకటో ఏట అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాను. "సెట్లోనే పెరిగాడు, వీడికి నేర్పేదేముంది" అన్నారు. పొగడ్త అనుకున్నా. దానివల్ల ఎవరూ ఏమీ చెప్పలేదు. క్లాప్ కొట్టడం ఒక్కరోజులో వచ్చింది, కంటిన్యుటీ దగ్గర, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ బట్టలూ వస్తువులూ కలిసేలా చూసుకోవడం దగ్గర మాత్రం దొరికిపోయాను. గుమ్మం బయట హీరో చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత తీసిన లోపలి షాట్‌లో దించి ఉన్నాయి. ఎడిటింగ్‌లో బయటపడింది. సీను మళ్లీ తీశారు, తిట్లు నేను తిన్నాను. నటుడిగా నా షాట్ వరకే చూసుకునేవాణ్ణి మరి.

తర్వాత ఐదేళ్లు కథ పట్టుకుని తిరిగాను. "ముందు మా సినిమాలో వేషం వెయ్యి, తర్వాత చూద్దాం" అనేవారు. రెండు వేశాను. ఆ 'తర్వాత' రాలేదు. బాలనటుడిగా మొదలైన హాలీవుడ్ దర్శకుడు రాన్ హోవర్డ్ కూడా రోజర్ కోర్మన్ నిర్మించిన సినిమాలో నటించి, దానికి బదులుగానే డైరెక్షన్ ఛాన్స్ అడిగాడు. 1977లో, 23 ఏళ్లకే, మొదటి సినిమా విడుదల చేశాడు. ఆయనకు మాట మీద నిలబడే నిర్మాత దొరికాడు! నాకు సినిమా వచ్చింది నా మీద నమ్మకంతో కాదు, తక్కువలో తీస్తానన్నందుకు.

మొదటి షాట్. "కట్" అన్నాను. అని, అలవాటుకొద్దీ డైరెక్టర్ ముఖం కోసం తల తిప్పాను. చిన్నప్పుడు ప్రతి టేక్ తర్వాతా అదే పని. ఆయన నవ్వితే ఓకే, గడ్డం నిమురుకుంటే ఇంకో టేక్. ఇప్పుడు యూనిట్ అంతా నన్నే చూస్తోంది. కెమెరామన్ "ఓకేనా సార్?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మూడో వారంలో ఏడేళ్ల పాప ఏడ్చే సీను. నన్ను ఏడిపించడానికి అప్పట్లో "మీ అమ్మ వెళ్లిపోయింది" అన్నారు. షాట్ అద్భుతంగా వచ్చిందట. నేను మాత్రం ఆ రాత్రి అమ్మ చెయ్యి వదల్లేదు. అందుకే పాపను గోడవైపు తిప్పి, వణికే భుజాలు మాత్రం తీశాం. నిర్మాత "కన్నీళ్లేవీ?" అన్నారు. కట్ అనగానే పాప గిరుక్కున తిరిగి నా ముఖంలోకి చూసింది.

చెయ్యి గడ్డం మీద ఉంది. చటుక్కున తీసేశాను.