ఏడాదా, రెండేళ్లా: నా ఎల్‌ఎల్‌ఎం తర్జనభర్జన

విశాఖ జిల్లా కోర్టులో రెండేళ్లు జూనియర్‌గా వాయిదాలు రాసుకున్నాక ఒక సంగతి తేలిపోయింది. కోర్టు హాల్లో నిలబడి వాదించడం కన్నా, సీనియర్ గారికి కావలసిన తీర్పు వెతికి పెట్టడంలోనే నాకు ఉత్సాహం ఎక్కువ. అందుకే ఎల్‌ఎల్‌ఎం, అంటే న్యాయశాస్త్రంలో పీజీ.

మా ఊళ్లో ఉన్నవాళ్లకు రెండు దారులు దగ్గర. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది కోర్సు. దానికి క్లాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్లు, దానికి పీజీఎల్‌సెట్. రెండూ రాశాను.

"ఏడాది మిగులుతుంది కదమ్మా, ఇంకా ఆలోచన దేనికి?" అన్నారు నాన్న. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

సీనియర్ గారు మాత్రం, "పరిశోధన వ్యాసం దేని మీద రాస్తావు?" అని అడిగారు. షెడ్యూల్డు ప్రాంతాల (రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతాల) భూములు అన్నాను, కాస్త గొప్పగానే. "అది విషయం. ప్రశ్న ఏది?" అని ఫైల్లోకి తల దించేశారు.

వారం పట్టింది. సమత తీర్పు మళ్లీ చదివాను. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద 1997లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తేల్చింది. (అదే ఏడాది పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 'విశాఖ' తీర్పుకు మా ఊరితో సంబంధం లేదు, అది రాజస్థాన్ కేసు. ఎంతమంది బంధువులకు చెప్పానో!) సమత మీద రాసినవాళ్లు బోలెడుమంది. నన్ను పట్టుకున్నది చిన్న సందేహం: షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద భూమిని గిరిజనుడికి తిరిగి అప్పగించమని ఉత్తర్వు వచ్చాక, నిజంగా దున్నుతున్నది ఎవరు?

అది కాగితం మీద పెట్టగానే ఏడాది ఇరుకైపోయింది. తీర్పులను పక్కపక్కన పెట్టి పోల్చే పనైతే ఏడాది చాలు. దీనికి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టు రికార్డుల కోసం అర్జీ పెట్టాలి, పాడేరు ఘాట్ ఎక్కాలి, అడంగల్‌లో (సాగు రికార్డులో) ఉన్న పేరుకూ చేలో ఉన్న మనిషికీ పొంతన చూడాలి. అర్జీకి జవాబు వచ్చేసరికే ఒక సెమిస్టరు గడిచిపోతుందని కోర్టుల్లో తిరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు.

చేరకముందే ఇద్దరు అధ్యాపకులను కలిశాను. ఒకరు, శీర్షిక మార్చుకుంటే తొందరగా అయిపోతుందన్నారు. రెండోవారు నా రెండు పేజీల నోటు చదివి, "అరకు వైపు ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లున్నాయి. నీకు వచ్చా?" అన్నారు.

రాదు.

"మరి వాళ్లేమన్నారో నీకు ఎవరు చెబుతారు? ఆ మనిషి ఎవరి తరఫు మనిషి?"

కోర్టులో ఇన్నాళ్లున్నా నాకు తట్టని ప్రశ్న అది. గైడుగా ఆయననే అడగాలని మెట్లు దిగుతూనే అనుకున్నాను. రెండేళ్ల సీటే తీసుకున్నాను. నాన్న ఫీజు కట్టి, రసీదు చూసుకుంటూ, "రెండేళ్లంటే రెండేళ్లేనా?" అన్నారు. పోయిన వారమే అర్జీ పంపాను.