సినగాగ్ వంటింట్లో ఇంగువ లేని పులిహోర

పులిహోరలో నెయ్యి వెయ్యొద్దు, ఇంట్లో వండి తేవద్దు, ఇంగువ డబ్బా మీద కోషర్ గుర్తు, అంటే యూదుల ఆహార నియమాలకి సరిపోతుందనే గుర్తు, లేకపోతే అదీ వద్దు. సినగాగ్ నుంచి, అంటే యూదుల ప్రార్థనా మందిరం నుంచి, ఇలా మెయిల్ వచ్చేసరికి మా గుడి వాలంటీర్ల వాట్సాప్ గ్రూప్‌లో పెద్ద గోల.

విషయం ఏంటంటే మేం ఉండే న్యూజెర్సీ టౌన్‌లో థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం అన్ని మతాల వాళ్ళూ కలిసి ఊళ్ళో ఫుడ్ ప్యాంట్రీ (ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) కోసం పని చేస్తారు, పొద్దున్నంతా సరుకులు సర్దడం, మధ్యాహ్నం అందరికీ భోజనం, ప్యాంట్రీకి వచ్చే కుటుంబాలు కూడా అదే హాల్లో అవే టేబుళ్ళ దగ్గర కూర్చుని తింటారు. చర్చి వాళ్ళు, మసీదు వాళ్ళు, గురుద్వారా వాళ్ళు, మన గుడి వాళ్ళు అందరూ వస్తారు కానీ లెక్కలు, లిస్టులు, ఫోన్లు, మొత్తం బరువు మోసేది మాత్రం సినగాగ్ వాళ్ళే. ఈసారి హాల్ కూడా వాళ్ళదే.

మా కాంప్లెక్స్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు, అందరం పిన్నిగారూ అంటాం, రాజమండ్రి ఆవిడ, యాభై మందికి చెయ్యి తిరిగిన వంట. ఆవిడకి మెయిల్ చదివి చెప్తే "అదేంటే, మనం కోడిగుడ్డు కూడా ముట్టని వాళ్ళం, మన గిన్నెలకేమొచ్చింది" అన్నారు. "మరి మీ అత్తగారు మడి కట్టుకున్నప్పుడు వంటింట్లోకి మిమ్మల్నే రానిచ్చేవారు కాదని మీరే చెప్పారు కదా పిన్నిగారూ" అంటే కాసేపు ఊరుకుని, "సరే, వాళ్ళ మడి వాళ్ళది, ఎన్నింటికి రమ్మన్నారు" అన్నారు.

వాళ్ళ కిచెన్‌లో పాల వంటకి వేరే గిన్నెలు, మాంసం వంటకి వేరే గిన్నెలు, సింకులు కూడా వేరు. నెయ్యి పడితే పాల వంట కింద లెక్క, అప్పుడు మాంసంతో కలిపి పెట్టడానికి లేదు, నూనెతో పోపు పెడితే దేని పక్కనైనా పెట్టుకోవచ్చు, కాబట్టి మన పులిహోర వాళ్ళ పద్ధతికి భలే సరిపోయింది. స్టవ్ మాత్రం వాళ్ళ కిచెన్ చూసుకునే ఆవిడే వచ్చి వెలిగించింది, అదీ నియమమేనట. కరివేపాకు దగ్గర ఆగిపోయాం. పురుగు తినడం వాళ్ళకి నిషిద్ధం, అందుకని ఆకు ఆకూ కడిగి లైటు కింద పెట్టి రెండు వైపులా చూడాలి, కొత్తిమీర అయితే ఇంకా కష్టం అని మేమే మానేశాం. పోపు ఐదు నిమిషాల పని, కరివేపాకు చూడ్డానికే సగం పొద్దు పోయింది. ఇంగువలో మైదా కలుస్తుంది కదా, సర్టిఫికెట్ ఉన్న డబ్బా దొరకలేదు, అందుకని ఇంగువ లేకుండానే కానిచ్చాం, పిన్నిగారు ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. ఇంకొకళ్ళ నియమానికి తగ్గట్టు వండితేనే కదా అది వాళ్ళ నోటిదాకా వెళ్ళేది. న్యూయార్క్‌లో మెట్ కౌన్సిల్ అని 1972 నుంచి ఉన్న యూదుల సంస్థ ఒకటుంది, వాళ్ళు కోషర్ సరుకులతో పాటు ముస్లింలకి హలాల్ సరుకులు కూడా ఇస్తారు. ఆకలేస్తే ఏదైనా తినాలి కదా అని మనం సులభంగా అనేస్తాం, కానీ ఇల్లు గడవక ప్యాంట్రీకి వచ్చిన మనిషిని నీ నియమం కూడా గుమ్మం బయట వదిలి రా అనడం ఏం న్యాయం. మన వెజిటేరియన్ పెద్దవాళ్ళకి చికెన్ సూప్ డబ్బాలు చేతిలో పెడితే ఏం చేసుకుంటారు చెప్పండి.

భోజనాలకి ముందు రబ్బై, అంటే వాళ్ళ మతగురువు, పది నిమిషాలు మాట్లాడారు. పాత యూదు ధర్మశాస్త్రంలో పొలం కోసేటప్పుడు ఒక మూల కొయ్యకుండా వదిలెయ్యాలని ఉందట, అరవయ్యో వంతుకి తగ్గకూడదు. కోతలో చేతినుంచి జారిన కంకులు వంగి ఏరుకోకూడదు, పొలంలో మర్చిపోయిన పనకి మళ్ళీ వెనక్కి వెళ్ళకూడదు, అవన్నీ బీదవాళ్ళవి. వింటుంటే మా కోనసీమలో పరిగ ఏరుకునే ఆడవాళ్ళే కళ్ళ ముందు కనిపించారు. తేడా ఏంటంటే మా దగ్గర రైతు మంచివాడైతే ఏరుకోనిచ్చేవాడు, కాకపోతే అదిలించేవాడు, అక్కడ మాత్రం అది రైతు దయ మీద పెట్టలేదు, ఆ మూల అసలు అతనిది కాదు అని రాసి పెట్టారు.

ఇంకో సంగతి చెప్పారు, అది నాకు ఇంకా బాగా నచ్చింది. మిష్నా అని సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి గ్రంథం, అందులో ఊరికి రెండు ఏర్పాట్లు ఉండాలని ఉంది, ఒకటి రోజూ వండిన తిండి పెట్టేది, రెండోది వారానికోసారి ఇచ్చే నిధి. ఎవరు తీసుకోవచ్చో కూడా అందులోనే ఉంది. రెండు పూటల తిండి ఉన్నవాడు మొదటిదాంట్లోంచి తీసుకోకూడదు, పద్నాలుగు పూటలకి, అంటే వారానికి సరిపడా, ఉన్నవాడు రెండోదాంట్లోంచి తీసుకోకూడదు. అంతే. నీకు ఉద్యోగం ఉందా, నీ చేతిలో ఏ ఫోన్ ఉంది, నువ్వు నిజంగా బీదవాడివేనా, అవన్నీ అక్కర్లేదు.

ఎందుకు నచ్చిందంటే మన స్టూడెంట్స్ గుర్తొచ్చారు. ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు యూనివర్సిటీ ఫుడ్ ప్యాంట్రీకి వెళ్తే మనవాళ్ళే "ఫ్రీ అంటే చాలు ఎగబడతారు, పరువు తీస్తున్నారు" అని పోస్టులు పెడతారు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి స్నాప్ (తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) రాదు, క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు, ఇంటి దగ్గర లోన్ వడ్డీ పెరుగుతూ ఉంటుంది. అవసరం లేకుండా సరదాకి బ్యాగులు నింపుకునే వాళ్ళు లేరని అనను, ఉన్నారు. కానీ వాళ్ళని చూపించి, నిజంగా నూడుల్స్‌తో నెలాఖరు గడిపే పిల్లాడిని గుమ్మం ఎక్కకుండా చేస్తున్నాం. పద్నాలుగు పూటల లెక్క పెట్టుకుంటే ఇద్దరికీ సమాధానం దొరుకుతుంది.

సరుకులు సర్దేటప్పుడు నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, రిటైర్ అయిన అకౌంటెంట్, వాళ్ళ యోమ్ కిప్పూర్ అనే ఉపవాసం పండగ గురించి చెప్పారు. వాళ్ళ కొత్త సంవత్సరం నాడు సినగాగ్‌లో అందరికీ ఖాళీ కిరాణా సంచి ఇస్తారట, పది రోజుల తర్వాత ఉపవాసం నాడు దాన్ని నింపి తేవాలి. ఉపవాసం అంటే సుమారు పాతిక గంటలు మంచినీళ్ళు కూడా ముట్టరు. మన ఉపవాసం సంగతి మీకు తెలుసు, ఉప్మా, పళ్ళు, పాలు, మధ్యలో సగ్గుబియ్యం. ఆ రోజు పొద్దున ప్రార్థనలో యెషయా ప్రవక్త మాటలు చదువుతారు, నాకు కావలసిన ఉపవాసం ఇది కాదు, నీ రొట్టె ఆకలిగొన్నవాడితో పంచుకో అని దేవుడు కోప్పడతాడు. కడుపు కాలుతుండగా ఆ మాటలు వినడం అంటే మామూలు విషయం కాదు.

ఆయనే మాజోన్ అని ఆకలి మీద పని చేసే యూదుల సంస్థ గురించి కూడా చెప్పారు. 1985లో లెనార్డ్ ఫైన్ అనే ఆయన మొదలుపెట్టారు. ఆలోచన చాలా చిన్నది, ఇంట్లో పెళ్ళి గానీ బార్ మిత్స్వా (పిల్లాడు పెద్దవాడయ్యాడని చేసే వేడుక) గానీ జరిగితే అయిన ఖర్చులో 3 శాతం ఆకలి కోసం ఇవ్వండి అని. ఆ డబ్బు యూదులకే అని లేదు, ఎక్కడ అవసరమైతే అక్కడికి. ఇంటికొచ్చి చదివాను, వాళ్ళు వంట వండి పెట్టరు, ప్యాంట్రీ నడపరు, వాషింగ్టన్‌లో చట్టాల వెనకపడతారు. అమెరికా మిలిటరీలో చిన్న ర్యాంకు కుటుంబాలకి ఇచ్చే ఇంటి అద్దె అలవెన్స్‌ని ఆదాయం కింద లెక్కేసి స్నాప్ రాకుండా చేస్తున్నారని ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నారు. సైనికుడి ఇంట్లో ఆకలా అనుకుంటాం, ఉంది. ప్రభుత్వ లెక్కలోనే 2023లో ఈ దేశంలో 4.7 కోట్ల మంది తిండికి భరోసా లేని ఇళ్ళల్లో ఉన్నారు. ఇంత ఆకలి మేం సర్దిన శనగల డబ్బాలతో తీరదని వాళ్ళకి బాగా తెలుసు, అయినా డబ్బాలు సర్దుతారు, ఫోన్ తీసి కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి కూడా చేస్తారు. మనం మొదటిది చేసి ఫొటో పెట్టి ఇంటికొస్తాం.

తిరుమలలో నిత్యాన్నదానం మొదలైంది కూడా 1985లోనే, ఎన్టీఆర్ టైంలో. అన్నం పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, డొక్కా సీతమ్మ గారు పుట్టిన జిల్లా మాది, ఏ వేళకి ఏ కులం వాడు వచ్చి తలుపు తట్టినా ఆవిడ పొయ్యి వెలిగించేవారని మా నాయనమ్మ కథలు కథలుగా చెప్పేది. కానీ ఇక్కడ మన గుళ్ళ సంగతి చూడండి, అన్నదానం అంటే దర్శనానికి వచ్చిన మనమే క్యూలో నిలబడి మనమే తినేసి పార్కింగ్‌లో టెస్లా ఎక్కి వెళ్ళిపోవడం. ప్రసాదం కదా, తప్పేం లేదు. కానీ గుడికి రెండు మైళ్ళలో ఉన్న ట్రైలర్ పార్క్ వాళ్ళకి ఆ లైన్ ఉందని కూడా తెలీదు. సీతమ్మ గారి పేరు చెప్పుకునే హక్కు ఇలా వస్తుందా అని నా డౌటు. గురుద్వారా వాళ్ళు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నారు, అది ఒప్పుకోవాలి.

అన్నట్టు, నేను తెలుగు అని చెప్పగానే రబ్బై "ఆంధ్రాలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, తెలుసా" అన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఒక చిన్న సమూహం ఉంది, వాళ్ళకి సినగాగ్ కూడా ఉంది, చాలామంది వ్యవసాయ కూలీలే. పిన్నిగారు అస్సలు నమ్మలేదు, "చేబ్రోలులోనా? మా ఆడపడుచు వాళ్ళది ఆ పక్క ఊరే" అని అక్కడే ఫోన్ తియ్యబోతే ఇండియాలో అర్ధరాత్రి అని ఆపాం.

పులిహోర మొత్తం అయిపోయింది. హలీం తెచ్చారా అని మసీదు వాళ్ళని అడిగితే వాళ్ళూ అదే కిచెన్‌లో వండాల్సి వచ్చిందని పప్పు సూప్‌తో సరిపెట్టారు, అది పులిహోర పక్కన పర్లేదు, ఇంకొంచెం కారం ఉండాల్సింది.

ఇంటికొచ్చాక గ్రూప్‌లో ఆ 3 శాతం సంగతి పెట్టాను. ఇరవై వేల డాలర్ల హాఫ్ శారీ ఫంక్షన్‌కి ఆరు వందలు, డెకరేషన్ వాడికి ఇచ్చే దాంట్లో మూల కూడా కాదు. దండాల బొమ్మలు చాలా వచ్చాయి, సరే అన్నవాళ్ళు ఎవరూ లేరు. రెండు రోజులాగి ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టింది, మేలో వాళ్ళమ్మాయి ఫంక్షన్ ఉంది, 3 శాతం అంటే హాలు, ఫొటోగ్రాఫర్ అన్నీ కలిపా లేక భోజనాల బిల్లు మీదేనా అక్కా అని. ముందు భోజనాల బిల్లు మీద లెక్కేసుకో అన్నాను, క్యాటరింగ్ కొటేషన్ రాగానే చెప్తానంది.