మిర్చి ఎరుపు మిగలాలన్నా, వెనక బ్యారేజీ రావాలన్నా

గుంటూరు మిర్చి యార్డులో తీసిన ఫోటోలో కాయల ఎరుపు ఒక్కటే ఉంచి మిగతాదంతా నలుపు తెలుపు చేయాలనుకుంటే, చాలామంది ఫోన్ యాప్‌లో రంగు ఎంచుకుని వదిలేస్తారు. కాయలతో పాటు కూలీల బుగ్గలు, పెదాలు, అరచేతులు కూడా ఎర్రగా మిగులుతాయి. యాప్‌ని తిట్టుకుని లాభం లేదు. మన చర్మం రంగు ఎరుపుకీ నారింజకీ మధ్యలో ఉంటుంది, ఎరుపు ఏరమంటే అది చర్మాన్నీ ఏరుతుంది. కాబట్టి మాస్క్ (మార్పు ఎక్కడ కనిపించాలో, ఎక్కడ వద్దో చెప్పే తెర) వేసి చేత్తో చేయాల్సిందే.

ఇంటి పనికి ఫోటోపీ (Photopea) అనే ఫోటో ఎడిటర్ చాలు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఫోటో తెరిచి లేయర్ (ఫోటో మీద పరిచే పొర) మెనూలో న్యూ అడ్జస్ట్‌మెంట్ లేయర్, అందులో బ్లాక్ అండ్ వైట్ ఎంచుకోండి. ఫోటో అంతా రంగు పోతుంది. ఆ లేయర్‌కి ఉన్న తెల్ల మాస్క్ మీద నొక్కి, నల్ల బ్రష్‌తో కాయల మీద రుద్దితే రంగు తిరిగొస్తుంది. గీత దాటారా, ఎక్స్ కీ నొక్కి తెలుపుతో సరిచేసుకోండి. బ్రష్ హార్డ్‌నెస్ (అంచు గట్టిదనం) కుప్ప మధ్యలో ఎంతున్నా ఒకటే, అంచు దగ్గర మాత్రం 70–80 శాతం ఉండాలి. సున్నా పెడితే ఎరుపు గోనె సంచి మీదికి పాకుతుంది, 100 పెడితే అంచు కత్తెరతో కోసినట్టు తేలిపోతుంది.

ఎక్కువమంది తప్పేది తొడిమల దగ్గర. ఎండుమిర్చి తొడిమ ఎరుపు కాదు కదా అని వదిలేస్తే కుప్ప నిండా బూడిద రంగు ముక్కలు కనిపించి కాయ చచ్చిపోతుంది. తొడిమతో సహా రుద్దండి. టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర రాలిన కాయల్ని కూడా వదలొద్దు, ఒక్కటి మరిచినా చూపు అక్కడికే పోతుంది.

ఇంకో సౌకర్యం ఉంది. కాయలు మాస్క్ వెనక ఉన్నాయి కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌లోని రెడ్స్ స్లైడర్ ఇప్పుడు మనుషుల ముఖాల మీదే పనిచేస్తుంది. మామూలుగా 40 ఉండేదాన్ని 60 దాకా పెంచితే ఎండలో నల్లబడిన ముఖాలు తేటపడతాయి. కాయల సాచురేషన్ (రంగు గాఢత) మాత్రం 10కి మించి పెంచకండి. రెడ్ ఛానెల్ (ఫోటోలో ఎరుపు పాలు) గరిష్ఠమైన 255 తాకిందంటే కాయ మీది ముడతలు పోతాయి.

ఇక బ్యాక్‌గ్రౌండ్. ఇంట్లో తీసిన ఫోటోకి వెనక ప్రకాశం బ్యారేజీ దగ్గర సూర్యాస్తమయం పెట్టాలని విజయవాడలో చాలామందికి ఉండే సరదా. ఫోటోలోంచి మనిషిని విడదీయడం ఇప్పుడు కష్టం కాదు. పట్టించేది వెలుగు. సాయంత్రం సూర్యుడు నదికి ఎగువ వైపు దిగుతాడు. ఆ దృశ్యం వెనక ఉంటే మనిషికి వెలుగు వెనక నుంచి పడాలి, ముఖం కాస్త నీడలో ఉండాలి. హాల్లో ట్యూబ్‌లైట్ కింద, ఎదురు ఫ్లాష్‌తో తీసిన ముఖం అక్కడ పెడితే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. ముందు ముక్కు నీడ ఎటు పడిందో చూసి, దానికి తగ్గ దృశ్యం వెతకండి. ఫ్లాష్ ఫోటోకి మబ్బు రోజు తీసిన నది అన్నిటికన్నా నప్పుతుంది.

ఎత్తు కూడా కలవాలి. ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని తీశారా, వెనక నీరూ ఆకాశమూ కలిసే గీత కూడా ఛాతీ దగ్గరే రావాలి. అది మోకాళ్ల దగ్గరికి జారితే మనిషి గాల్లో తేలుతున్నట్టుంటుంది. పాదాలు చూపించకుండా మోకాళ్ల పైకి క్రాప్ చేయడం మేలు. నేల మీద పడే నీడ గీయడం అన్నిటికన్నా కష్టం.

జుట్టుకి సెలెక్ట్ మెనూలో రిఫైన్ ఎడ్జ్ వాడండి, వెంట్రుకలు పలచబడే చోట బూడిద రంగు రుద్దితే మిగతాది అదే విడదీస్తుంది. మల్లెపూలకి మాత్రం దాన్ని నమ్మకండి. తెల్ల గోడ ముందు తీసిన ఫోటోలో పూలను గోడలో కలిపేస్తుంది. 5 పిక్సెళ్ల బ్రష్‌తో పువ్వు పువ్వూ చేత్తో తేవాలి, విసుగే. అంచున పాత గోడ రంగు గీతలా మిగిలితే సెలెక్షన్‌ని 1 పిక్సెల్ కాంట్రాక్ట్ చేసి (లోపలికి కుదించి), అర పిక్సెల్ ఫెదర్ (అంచు మెత్తదనం) ఇవ్వండి. ఆకుపచ్చ గోడ రంగు దవడ మీద పడి ఉంటే పైన ఒక లేయర్‌ని కింది లేయర్ దాటకుండా క్లిప్ చేసి, బ్లెండ్ మోడ్ కలర్‌కి మార్చి, బుగ్గ నుంచి తీసుకున్న రంగును 30 శాతం ఒపాసిటీతో పూయండి. వెనక దృశ్యానికి 4 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ (మసక) చాలు.

12×18 అంగుళాల ప్రింట్‌కి 12 మెగాపిక్సెల్ ఫోటో, అంటే 4000×3000, సుమారు 220 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వస్తుంది, సరిపోతుంది. ఐఫోన్ ఫోటో అయితే ఎస్‌ఆర్‌జీబీ (sRGB) అనే మామూలు రంగుల పద్ధతికి మార్చి ఇవ్వండి, లేకపోతే ల్యాబ్‌లో ఎరుపు చప్పబడొచ్చు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.