చేటలో పొట్టేలు తల

"అవ్వా, ఆ చేట కాస్త ఇటు ఇవ్వు" అంటూ అక్క కూతురు ఒక శనగ గింజను ఏరి తీసింది. ఉదయం వసారాలో అమ్మ పప్పుశనగల్లో రాళ్లు ఏరుతోంది. పిల్లకు రేపు వ్యవసాయ డిప్లొమా పరీక్ష. శాస్త్రీయ నామాలు బట్టీ పడుతూ శనగ పేరు 'సైసర్ ఏరిటినం' దగ్గర ఆగిపోయింది.

ఏరిటినం అంటే లాటిన్‌లో పొట్టేలు లాంటిది అని. గింజను వేలి కొసన నిలబెట్టి చూశాను. ముందుకు వంగిన ముక్కు, దానికి అటూ ఇటూ చుట్టుకున్న కొమ్ముల్లా ఉబ్బు. ఇన్నేళ్లుగా గుగ్గిళ్లు తింటున్నాను, ఒక్కసారైనా కనబడితే కదా! అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "అచ్చం పొట్టేలే" అంది.

ఇక వదలబుద్ధి కాలేదు. వేరుశనగ పేరులోని 'హైపోజియా' గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చిన మాట. నేల కింద ఉండేది అని అర్థం. పువ్వు పైన పూసి, ఊడ దిగి, మట్టిలో కాయ కాసే పంటకు మన అనంతపురం రైతు కూడా ఇంతకంటే మంచి పేరు పెట్టడు.

కొర్ర దగ్గర మాత్రం ఒళ్లు మండింది. దాన్ని మొదట సాగుకు తెచ్చింది చైనాలో. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దాని పేరుకు తగిలించిన విశేషణమేమో ఇటలీది!

"ఇటలీలో కొర్రన్నం తింటారా?" అని అడిగింది అమ్మ. నవ్వుతూ చేట తిరిగి ఇచ్చేశాం. ఆ ఒక్క గింజ మాత్రం ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.