పూనకం జబ్బేనా?

పైడితల్లి సిరిమాను రోజున విజయనగరంలో ఎవరికైనా పూనకం వస్తే దణ్ణం పెడతాం గానీ పిచ్చి అనం. మానసిక శాస్త్రమూ అనదు. సంస్కృతి ఒప్పుకున్న ప్రవర్తన, అయినవాళ్లు పోతే వచ్చే ఏడుపు వాటంతట అవే రుగ్మతలు కావని 2013 నాటి డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన పుస్తకం) మాట. నలుగురిలో వింతగా ఉండడమూ చాలదు (ఆ లెక్కన లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నోడూ అసాధారణుడే!). అదే పూనకం పండగ దాటాక, వద్దనుకున్నా వస్తూ, మనిషిని బాధపెట్టి, పొలం పనీ పొయ్యి పనీ ఆపేస్తుంటే అప్పుడు డాక్టరుకి చూపించాలి.

డిప్రెషన్‌కైతే లెక్కుంది: 9 లక్షణాల్లో కనీసం 5, రెండు వారాలపాటు, దాదాపు రోజూ. వాటిలో దిగులో, ఆసక్తి పోవడమో ఒకటి ఉండి తీరాలి. ఒక్కపూట మనసు బాగోలేదన్న ప్రతివాళ్లకీ ఆ పేరు తగిలించేస్తే ఎలా?

మనసు బాగోక సాయం కావాలంటే ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.