భూతద్దం

"తమ్మీ, నీది అయినంక ఆ నడిమి పేజీ ఇటియ్యి" అన్నాడు లైబ్రరీలో పక్క కుర్చీలో పెద్దాయన. నేనింకా పేపర్ మడత కూడా విప్పలేదు.

ఇచ్చాను. జేబులోంచి రుమాల్లో చుట్టిన భూతద్దం తీశాడు, పిడి విరిగితే దారంతో కట్టుకున్నాడు. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల దగ్గర ఆగి, తేజ ఎంత, వండర్ హాట్ ఎంత అని చిన్న డైరీలో రాసుకుంటున్నాడు. అంకెలు సరిగ్గా కనబడట్లేదంటే నేనే చదివి చెప్పాను. ఫోన్‌లో చూడొచ్చు కదా పెద్దాయనా అంటే, "పేపర్ల సూత్తేనే మనసున పడుతది బిడ్డా" అన్నాడు.

ఎదురు బల్ల మీద గ్రూప్స్‌కి చదివే అమ్మాయి. టిఫిన్ బాక్స్, నీళ్ల సీసా, అట్ట ఊడిన ఇండియన్ పాలిటీ. రూంలో నలుగురం ఉంటాం అన్నా, అక్కడ చదువు సాగదు, ఇక్కడైతే టెన్షన్ తగ్గుతది అంది. ఆరేళ్ల కింద నేనూ ఇదే హాల్లో, పొద్దుగూకేదాకా, ఫ్యాన్ కింద సీటు కోసం తలుపులు తీయకముందే వచ్చి నిలబడేవాణ్ని. ఆ రోజుల్లో నన్ను ఎవరూ ఏం కొన్నావని అడగకుండా రోజంతా కూర్చోనిచ్చిన చోటు ఇదొక్కటే.

1904లో, నిజాం పాలనలో, తెలుగు చదువుకునేవాళ్ల కోసం ఇదే హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే లైబ్రరీ పెట్టినవాళ్లు గుర్తొచ్చారు. ఎంత దూరం ఆలోచించారో!

లేచేటప్పుడు పెద్దాయన డైరీ మూసి, "రేపు వస్తవా?" అన్నాడు.

వస్తా అన్నాను.